అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్, జీపు: పాత బండి ఇంజిన్ పార్టులు నమ్మకంగా దొరకాలంటే – తరచుగా అడిగే ప్రశ్నలు

దుకాణంలో "అంబాసిడర్ పిస్టన్ సెట్ ఇవ్వండి" అంటే సరిపోదా?

సరిపోదు. అంబాసిడర్ పేరు 1957 నుంచి 2014 దాకా నడిచింది. ఆ మధ్యలో బానెట్ కింద కూర్చున్న ఇంజిన్లు వేరు వేరు. తొలి బండ్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్, ఆ తర్వాత దశాబ్దాల పాటు 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్, దానికే డీజిల్ రూపం, 1990లలో 1817 సీసీ ఇసుజు పెట్రోలు, ఇసుజు డీజిల్. దీనికి తోడు పెట్రోలు బండిలో ఇంజిన్ దించి డీజిల్ ఎక్కించడం మన ఊళ్ళలో చాలాకాలం మామూలు పనే. ఆర్సీలో ఒకటి, బండిలో ఒకటి ఉన్నా ఆశ్చర్యపడక్కర్లేదు.

కౌంటర్ దగ్గర బండి పేరు చెబితే ఆ పేరుకు ఎక్కువగా అమ్ముడుపోయే డబ్బా చేతిలో పెడతారు. కొలత చెబితే కొలతకు సరిపోయేది ఇస్తారు. కింద చెప్పేవన్నీ ఈ నాలుగు పెట్రోలు ఇంజిన్ల గురించే:

అంబాసిడర్ 1489 సీసీ: బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 73.025 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 88.9 మి.మీ.
ఫియట్ 1100 / ప్రీమియర్ పద్మిని 1089 సీసీ: 68 × 75
స్టాండర్డ్ హెరాల్డ్ 948 సీసీ: 63 × 76
మహీంద్రా జీపు, హరికేన్ 2199 సీసీ: 79.4 × 111.1

వెతకడానికి బయల్దేరే ముందు ఏమేం రాసుకోవాలి?

బ్లాకు మీది ఇంజిన్ నంబరు, బ్లాకు మీదా హెడ్డు మీదా ఉబ్బెత్తుగా పోత పోసిన కాస్టింగ్ నంబర్లు, తీసిన పాత పార్టు మీద ఉన్న ప్రతి అక్షరం. మురికి పట్టి నంబరు కనిపించకపోతే డీజిలుతో కడిగి, సుద్దముక్క రుద్దితే తేలుతుంది. పిస్టన్ తల మీద 020, 030 లాంటి అంకె ఉంటే అది ఓవర్‌సైజు, అంటే అసలు సైజు కన్నా ఎంత పెద్దదో, అంగుళంలో వెయ్యో వంతుల్లో (వీటినే థౌ అంటారు). బేరింగు చిప్పల వెనక వైపు కూడా అలాగే అండర్‌సైజు కొట్టి ఉంటుంది. పద్మినిలో ఈ సైజులు మి.మీ.లలో ఉంటాయి: 0.2, 0.4 ఇలా.

ఆ అంకెను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 020 పిస్టన్ ఉన్న బోరు అరిగి 026కి చేరి ఉండొచ్చు. అప్పుడు కొనాల్సింది 030 గానీ 040 గానీ. బోరు గేజితో ప్రతి సిలిండరును మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో కొలిచి ఆరు అంకెలు రాసుకోండి. పైనుంచి ఓ అంగుళం లోపలే అరుగుదల ఎక్కువ. కింద అంచు దాదాపు అసలు సైజులోనే ఉంటుంది కాబట్టి గతంలో ఏ సైజుకు బోరు చేశారో అక్కడే తెలుస్తుంది.

పాత పార్టును మాత్రం పారేయకండి. కొత్తది బండిలో కూర్చుని వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా గోనెసంచిలో దాచండి.

అంబాసిడర్ ఇంజిన్ పార్టులు బ్రిటన్ నుంచి తెప్పించుకోవచ్చా?

చాలావరకు తెప్పించుకోవచ్చు. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అదే 1489 సీసీ ఇంజిన్ ఆస్టిన్ ఏ50, ఏ55 కేంబ్రిడ్జ్ కార్లలోనూ, ఎమ్‌జీఏ 1500 స్పోర్ట్స్ కారులోనూ ఉంది. ఎమ్‌జీఏకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. అందుకే మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, టైమింగ్ చైను, వాల్వ్ గైడ్లు, గ్యాస్కెట్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. ఎస్‌యూ కార్బొరేటర్ ఉన్నవాళ్ళకు ఆ సామాను బ్రిటన్‌లోని బర్లెన్ కంపెనీ ఇంకా చేస్తోంది.

తప్పు జరిగే చోట్లు మూడు. మొదటిది బోరు. బి-సిరీస్ అన్న ఒక్క పేరు కింద 1489, 1588, 1622, 1798 సీసీ ఇంజిన్లు ఉన్నాయి. ఎమ్‌జీఏ తర్వాత వచ్చిన 1798 సీసీ ఎమ్‌జీబీ కారు బోరు 80.26 మి.మీ. దాని పిస్టన్ మన బ్లాకులో పట్టదు. దాని హెడ్ గ్యాస్కెట్ వేస్తే రంధ్రం బోరుకన్నా పెద్దదై చుట్టూ గాడి మిగులుతుంది, అందులో మసి చేరి నిప్పుకణికలా మండుతుంది. చిన్న రంధ్రం గ్యాస్కెట్ అయితే అంచు మంటలోకి పొడుచుకు వచ్చి కాలిపోతుంది. రెండోది కంప్రెషన్. స్పోర్ట్స్ కారు పిస్టన్లు ఎక్కువ కంప్రెషన్ ఇస్తాయి. అవి వేసి ఇగ్నిషన్ టైమింగ్ పాతదే ఉంచితే ఎక్కుడు రోడ్డు మీద ఇంజిన్ కణకణమని కొట్టుకుంటుంది. మూడోది గజన్ పిన్, అంటే పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను. కనెక్టింగ్ రాడ్డు చిన్న కన్ను దగ్గర బోల్టుతో బిగించే రకమా, సర్‌క్లిప్పులతో తేలే రకమా అన్నది చూడకుండా పిస్టన్ కొనకూడదు. ఒక రకం రాడ్డుకు ఇంకో రకం పిస్టన్ కూర్చోదు.

పద్మినికి ఇటలీ పార్టులు సరిపోతాయా?

1089 సీసీకి చేసినవైతేనే. ఇటలీలో 1100 డి కారును 1221 సీసీతో అమ్మారు, బోరు 72 మి.మీ. మన దగ్గర ప్రీమియర్ వాళ్ళు కుర్లాలో చేసిన 1100 డిలైట్, ఆ తర్వాతి పద్మిని రెండూ 68 మి.మీ. బోరుతోనే నడిచాయి. ఆన్‌లైన్‌లో "1100 డి" అని చూసి పిస్టన్ సెట్ ఆర్డరిస్తే నాలుగు మి.మీ. తేడాతో డబ్బా ఇంటికొస్తుంది. 1100 ఆర్ అయితే మళ్ళీ 68 × 75.

హెరాల్డ్, జీపు సంగతి?

హెరాల్డ్‌కు బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 948 కోసం అడగాలి. స్పిట్‌ఫైర్ 1147 సీసీ అదే కుటుంబమే అయినా బోరు 69.3 మి.మీ., పిస్టన్లూ హెడ్ గ్యాస్కెట్టూ పనికిరావు. జీపు హరికేన్ ఇంజిన్‌లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. అంతకుముందు యుద్ధకాలపు విల్లీస్ ఇంజిన్‌కూ ఇదే బోరు, ఇదే స్ట్రోక్. కానీ దానిలో వాల్వులన్నీ బ్లాకులోనే. కాబట్టి హెడ్డు, హెడ్ గ్యాస్కెట్, వాల్వుల విషయంలో రెంటినీ కలపొద్దు.

మన దేశంలో ఎక్కడ వెతకాలి?

కొత్త సామానుకూ తుక్కు సామానుకూ వేరు వేరు వీధులు. ఢిల్లీ కశ్మీరీ గేట్, బెంగళూరు జేసీ రోడ్డు, సికింద్రాబాద్ రాణీగంజ్ కొత్త పార్టులకు. తుక్కుకు చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి, కోల్‌కతా మల్లిక్ బజార్. అంబాసిడర్ పుట్టిల్లు బెంగాల్‌లోని ఉత్తరపాడా కాబట్టి దాని సామానుకు కోల్‌కతాది ముందంజ. పద్మినికి ముంబై. హెరాల్డ్‌ను మద్రాసులో చేశారు, దానికి పుదుపేటే నయం.

ఆంధ్రలో విజయవాడ ఆటోనగర్ పార్టుల కన్నా పనితనానికి మంచి చోటు. క్రాంక్ గ్రైండింగ్, బోరింగ్, స్లీవులు (అరిగిన సిలిండరులో దించే గొట్టాలు), వాల్వ్ సీట్లు ఒకే ఆవరణలో అయిపోతాయి. లారీ ఇంజిన్ల మీద చేయి తిరిగిన లేత్ మేస్త్రీకి అంబాసిడర్ బ్లాకు ఆటబొమ్మ. కొలత మాత్రం మీరే దగ్గరుండి చూసుకోవాలి.

అడిగే దుకాణాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. అద్దాల షోరూముల కన్నా జిల్లా కేంద్రాల్లో నలభై ఏళ్ళుగా ఉన్న చిన్న ట్రాక్టరు, లారీ పార్టుల షాపుల అటక మీద పాత డబ్బాలు దొరికే అవకాశం ఎక్కువ. ఇండియా పిస్టన్స్, గోట్జె రింగులు, బైమెటల్ బేరింగ్స్, రానే వాల్వులు, టాల్‌బ్రోస్ గ్యాస్కెట్లు, లూకాస్ టీవీఎస్ డిస్ట్రిబ్యూటర్ సామాను పేర్లు పలికి అడగండి. "అంబాసిడర్ ఉందా" అంటే లేదంటారు. "73 బోరు, 30 ఓవర్‌సైజు, పాత డబ్బా ఏదైనా ఉందా" అంటే నిచ్చెన వేస్తారు.

నలభై ఏళ్ళు అటక మీదున్న, వాడని పాత సరుకు కొనొచ్చా?

లోహమైతే కొనండి, రబ్బరైతే వద్దు. పిస్టన్లు, వాల్వులు, గైడ్లు, రాకర్ షాఫ్టు, టైమింగ్ చైను, గేర్లు నూనె కాగితంలో ఉండి తుప్పు పట్టకపోతే ఇప్పుడు దొరికే చాలా సరుకు కన్నా మేలు. రింగుల అంచుల మీద తుప్పు చుక్క కనిపించినా వదిలేయండి. గోకి తీస్తే ఆ చోటే గుంటై బోరును గీస్తుంది. బేరింగు చిప్ప లోపలి పొర వేలికి నున్నగా తగలాలి. నల్లటి మచ్చలో, పొక్కులో ఉంటే వద్దు.

ఆయిల్ సీళ్ళు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కార్కు గ్యాస్కెట్లు, గొట్టాలు ఎంత అందమైన డబ్బాలో ఉన్నా చచ్చినట్టే లెక్క. డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ కూడా అంతే: లోపలి కాగితం చెమ్మ పీల్చి, ఇంజిన్ వేడెక్కగానే మొరాయిస్తుంది. రాగి రేకు హెడ్ గ్యాస్కెట్ మడత పడకుండా ఉంటే వాడుకోవచ్చు. వాటిలో చాలావాటి మధ్య పొర ఆస్బెస్టాస్, కాబట్టి కత్తిరించడం, గీకడం, గాలి కొట్టడం చేయకూడదు.

డూప్లికేట్ మాల్ ఎలా పట్టుకోవాలి?

డబ్బా కన్నా పార్టును చూడాలి, ఎందుకంటే డబ్బా అచ్చు వేయించడం సులువు. వెర్నియర్, 0–25, 25–50, 50–75, 75–100 మి.మీ. మైక్రోమీటర్లు, చిన్న అయస్కాంతం, వంటింటి డిజిటల్ కాటా పట్టుకెళ్ళండి. నాలుగు పిస్టన్లను పిన్నులు లేకుండా తూచండి. మంచి సెట్‌లో ఒకదానికీ ఇంకోదానికీ నాలుగైదు గ్రాములకు మించి తేడా ఉండదు. పదిహేను గ్రాముల తేడా వస్తే ఆ నాలుగూ ఒక సెట్‌వి కావు. ఎనిమిది వాల్వుల కాండాలను పైన, మధ్య, కింద కొలవండి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వేర్వేరుగా పోల్చాలి. వాటిలో ఏ ఒక్కటైనా అర థౌకు మించి మారితే పక్కన పెట్టండి. వాల్వు స్ప్రింగులను బల్ల మీద వరుసగా నిలబెడితే పొట్టిది కంటికే తెలుస్తుంది.

కొలవనివ్వని దుకాణంలో కొనకపోవడమే మేలు.

ముందు బేరింగులు కొనాలా, క్రాంకు గ్రైండింగ్ చేయించాలా?

ముందు బేరింగులు. ఇది తలకిందులు చేసి ఇరుక్కునేవాళ్ళే ఎక్కువ. క్రాంకు 20కి గ్రైండ్ చేయించాక 20 చిప్పలు దొరకక 30కి మళ్ళీ గ్రైండ్ చేయిస్తారు. ఆ తర్వాత ఇంకొక్కసారికే లోహం మిగులుతుంది. మామూలుగా దొరికే మెట్లు 10, 20, 30, 40 థౌ. పిస్టన్లకూ ఇదే నియమం. పిస్టన్లు చేతికొచ్చాక, స్కర్టును పిన్నుకు అడ్డంగా కొలిచి, డబ్బా మీద చెప్పిన సందు కలిపి ఆ కొలతకే బోరు చేయించాలి.

గ్రైండింగుకు ముందు క్రాంకుకు పగుళ్ళ పరీక్ష, అంటే అయస్కాంతపు పొడి పరీక్ష చేయించండి. గ్రైండింగులో చూడాల్సింది జర్నల్ (క్రాంకు మీద బేరింగు కూర్చునే భాగం) చివర గుండ్రటి మూల. చక్రం అంచును గుండ్రంగా దిద్దకపోతే ఆ మూల నిట్టనిలువుగా తెగుతుంది. పగులు సరిగ్గా అక్కడే మొదలై కొన్ని వేల కిలోమీటర్లకు క్రాంకు రెండు ముక్కలవుతుంది. తర్వాత నూనె రంధ్రాల అంచులు నునుపు చేసి, రంధ్రాల లోపల బ్రష్షు తిప్పి కడగాలి. గ్రైండింగ్ పొడి అందులోనే దాక్కుంటుంది. కొత్త బేరింగు మొదటి అరగంటలోనే గీతలు పడడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

బిగించేటప్పుడు ప్లాస్టిగేజ్ తీగ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తటి ప్లాస్టిక్ తీగ) పెట్టి సందు చూడండి. జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి ఒక థౌ అన్నది మోటు లెక్క. అంబాసిడర్ మెయిన్ జర్నల్ 2 అంగుళాలు కాబట్టి రెండు థౌ దగ్గర ఉంటే సరే. నాలుగు దాటితే చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బాగుండి, వేడెక్కాక ముల్లు పడిపోతుంది.

నా సైజు పిస్టన్లు ఎక్కడా లేవు. వేరే బండివి వేయొచ్చా?

బోరు ఒక్కటే కలిస్తే చాలదు. పిన్ను వ్యాసం, పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, తల ఆకారం, బరువు, రింగుల వెడల్పు అన్నీ చూడాలి. ఆ ఎత్తు ఒక మి.మీ. ఎక్కువైతే పిస్టన్ హెడ్డుకు తగలొచ్చు, తక్కువైతే బండికి ఊపు ఉండదు. బ్లాకుకు స్లీవులు వేయించి స్టాండర్డ్ సైజుకు తేవడం దీనికన్నా నమ్మకమైన దారి. స్టాండర్డ్ పిస్టన్లు ఓవర్‌సైజుల కన్నా తేలిగ్గా దొరుకుతాయి. స్లీవులు కూర్చోబెట్టాక బ్లాకు పైముఖం సాపు చేయించడం మరవొద్దు.

రింగును బోరులో పెట్టి కొనల మధ్య సందు ఫీలర్ గేజితో చూడండి. అంగుళం బోరుకు మూడు నాలుగు థౌ. 73 మి.మీ. బోరుకు 9 నుంచి 12 థౌ వస్తుంది. సందు తక్కువైతే వేడికి కొనలు గుద్దుకుని రింగు విరుగుతుంది. ఎక్కువైతే కాస్త పొగ, అంతే. అందుకే అనుమానముంటే వదులు వైపే ఉండాలి.

లెడ్ లేని పెట్రోలుకు వాల్వు సీట్లు మార్చాలా?

మన దేశంలో లెడ్ పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయింది. అంబాసిడర్, హెరాల్డ్ హెడ్డుల్లో సీటు పోత ఇనుములోనే కోసి ఉంటుంది. ఒకప్పుడు లెడ్ పొర దాన్ని కాపాడేది. ఇప్పుడు హైవే మీద గంటలకొద్దీ వేగంగా తోలితే ఎగ్జాస్ట్ సీటు మెల్లగా కుంగుతుంది, ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. గుర్తు పట్టడం సులువు: సర్దిన వెయ్యి కిలోమీటర్లకే సందు మళ్ళీ బిగుసుకుంటే సీటు కుంగుతున్నట్టే. ఆదివారం పూట ఊళ్ళో తిప్పే బండికి ఈ ఖర్చు అనవసరం. హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకు గట్టి ఇన్‌సర్టులు వేయించి, కొత్త గైడ్లు కొట్టించండి. వరస ముఖ్యం: గైడు ముందు, సీటు కోయడం తర్వాత. సీటు కోసే పనిముట్టు గైడులోనే నిలబడుతుంది.

క్యామ్‌షాఫ్ట్ కొత్తదేస్తే పాత ట్యాపెట్లు వాడొచ్చా?

వద్దు. క్యామ్ మీద ఆనుకుని వాల్వును కదిలించే ట్యాపెట్ అడుగు కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది, అందువల్లే అది తిరుగుతూ అరుగుతుంది. పాతది అద్దం మీద పెట్టి చూస్తే మధ్యలో గుంట కనిపిస్తుంది. అది కొత్త క్యామ్‌ను వారం రోజుల్లో తినేస్తుంది. కొత్త జతకు మాలిబ్డినం పేస్టు పూసి, స్టార్టు అవగానే 2000 ఆర్పీఎం దగ్గర ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐడిల్‌లో వదలకూడదు. కొత్త కార్ల పల్చటి ఆయిల్ వద్దు. జింకు ఎక్కువున్న 20డబ్ల్యూ-50 వాడండి.

అంబాసిడర్‌కు వెనక క్రాంకు ఆయిల్ సీల్ ఎక్కడా దొరకడం లేదు?

దొరకదు, ఎందుకంటే 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో అసలు ఆ సీల్ లేదు. క్రాంకు వెనక చివర వెనక్కి తిరిగిన మరలాంటి గాడి ఉంటుంది. క్రాంకు తిరుగుతుంటే అది నూనెను లోపలికి లాగుతుంది. బండి ఆగాక రెండు చుక్కలు పడడం దాని పుట్టుక గుణం. ధారగా కారుతుంటే ముందు టాపెట్ కవరు దగ్గరి బ్రీతర్ గొట్టం పూడిపోయిందేమో చూడండి. ఆ తర్వాత రింగులు. రెండింట్లో ఏది చెడినా క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి నూనె బయటికి తోస్తుంది. చివరిది వెనక మెయిన్ బేరింగు అరుగుదల. సీల్ ఉందని చెప్పి డబ్బు తీసుకున్నవాళ్ళను ఏ పార్టు మార్చారో చూపమనండి.

బోల్టులు, సీళ్ళు, చైన్లు కూడా కంపెనీవే కావాలా?

అక్కర్లేదు. ఇవి లోకమంతా ఒకే కొలతల్లో దొరికే సరుకు. ఆయిల్ సీల్‌కు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెబితే బేరింగు దుకాణంలో ఇస్తారు. వాటర్ పంపు బేరింగుకు నంబరు ఉంటుంది. అంబాసిడర్ టైమింగ్ చైను 3/8 అంగుళం పిచ్ రెండు వరసలది. వెల్చ్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలను మూసే రేకు బిళ్ళలు) వ్యాసంతో దొరుకుతాయి. రాకర్ బుష్షులు, స్టడ్లు లేత్ మీద తయారవుతాయి. బేరింగు చిప్పలు, వాల్వు స్ప్రింగులు మాత్రం లేత్‌లో అయ్యేవి కావు.

మరలు జాగ్రత్త. పద్మినివి మెట్రిక్, మిగతా మూడింటివి అంగుళాలు. 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల మర) రంధ్రంలో ఎం8 (8 మి.మీ. మెట్రిక్) బోల్టు రెండు చుట్లు చక్కగా ఎక్కి, మూడో చుట్టు దగ్గర బిగుస్తుంది. అక్కడ పానాకు పైపు తొడిగి తిప్పితే బ్లాకు మర పోయినట్టే.

ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో ఏం మార్చాలి?

పెట్రోలు తగిలే రబ్బరు అంతా. పాత గొట్టాలు ఉబ్బి, లోపల పొట్టు రాలి కార్బొరేటర్ జెట్టులో ఇరుక్కుంటాయి. ఎస్ఏఈ జె30 ఆర్9 అని గొట్టం మీదే అచ్చున్నది వేయండి. పంపు డయాఫ్రమ్, సోలెక్స్ కార్బొరేటర్ కిట్ ఇథనాల్‌కు ఓర్చుకునే రబ్బరుతో చేసినవేనా అని అడిగి కొనండి. నీడిల్ వాల్వుకు వైటాన్ అనే రబ్బరు మొన మంచిది. ఇథనాల్ ఎక్కువైన కొద్దీ మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచాలి. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పెట్రోలు వదలొద్దు. ఇథనాల్ చెమ్మ పీల్చి, నీరు అడుక్కి చేరి, కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి పొడి కడుతుంది.

తుక్కులో పూర్తి ఇంజిన్ దొరికింది. కొనేయొచ్చా?

క్రాంకు పుల్లీని పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో ఆగితే వద్దు. డిప్‌స్టిక్ మీద పాలమీగడ లాంటి జిడ్డు ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. వెల్చ్ ప్లగ్గుల మధ్య, బ్లాకు పక్కల ఇత్తడి వెల్డింగు గీత ఉందేమో వెతకండి.

ఇంజిన్ నంబరు చెరిపి మళ్ళీ కొట్టినట్టుంటే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. బిల్లు మీద ఆ నంబరు రాయించుకోండి. ఇంజిన్ మార్చితే ఆర్టీవో అనుమతితో ఆర్సీలో ఎక్కించాలి. మీ బండికి యాభై ఏళ్ళు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే మరీ జాగ్రత్త. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నదే వింటేజ్ కింద లెక్క. అందులో కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. లోపలి పిస్టన్లు, బేరింగులు మార్చడం మరమ్మతే. డీజిల్ ఇంజిన్ ఎక్కించడం మాత్రం ఆ దారిని మూసేస్తుంది.

అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న పిల్లలతో తెప్పించుకోవచ్చా?

చిన్న సామాను సూట్‌కేసులో వస్తుంది: బేరింగులు, రింగులు, గ్యాస్కెట్ సెట్, వాల్వులు. పార్టు నంబరుతో పాటు ఫొటో, కొలతలు కూడా పంపండి. వాళ్ళు కొనే దుకాణం మీ బండి పేరు విని ఉండదు, "మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, 1489" అంటే అర్థమవుతుంది. వాడిన కార్బొరేటర్, పెట్రోలు పంపు మాత్రం సామానులో పెట్టించవద్దు. పెట్రోలు వాసన వస్తే విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. కొరియర్‌లో వస్తే సుంకం, జీఎస్టీ కట్టాలి, గుర్తింపు పత్రం అడుగుతారు. బిల్లు అసలు ధరతోనే ఉండాలి. తక్కువ రాయిస్తే కస్టమ్స్‌లో డబ్బా ఆగిపోతుంది, ఈలోగా విప్పిన బ్లాకు షెడ్డులో తుప్పు పడుతుంది. బోర్లకు గ్రీజు రాసి, పైన నూనె గుడ్డ కప్పి ఉంచండి.